పచ్చదోమ మాట్లాడుతుంది: గాలిలో కాదు, కాడలో



మన ధరణికోట పాత పేరు ధాన్యకటకం. పేరులోనే ధాన్యం ఉంది. ఈ చుట్టుపక్కల నల్లరేగళ్లలో పత్తి, మిర్చి వేస్తాం, నీటి వసతి ఉన్నచోట వరి వేస్తాం. పత్తిలో పచ్చదోమ, వరిలో సుడిదోమ తెలియని రైతు ఉండడు. అయితే ఇంత పెద్ద చేలో, మూడు మిల్లీమీటర్ల మగ పురుగు ఆడ పురుగును ఎలా వెతుక్కుంటుంది? ఈ పాఠం దాని గురించే.

మన చెవికి అందని మాట

కీచురాయి అరిస్తే గాలిలో వినపడుద్ది. దోమ ఒళ్లు చాలా చిన్నది, గాలిలో దూరం పోయే చప్పుడు చేయలేదు. అందుకని పొట్టను వణికిస్తుంది. ఆ వణుకు కాళ్ల గుండా కాడలోకి, ఆకులోకి పోతుంది. అదే మొక్క మీదున్న ఇంకో దోమ దాన్ని కాళ్లతోనే పసిగడుతుంది. రైలు పట్టాకు చెవి ఆనిస్తే దూరాన వచ్చే బండి తెలుస్తుంది చూడండి, అలాగన్నమాట.

స్వీడన్ శాస్త్రవేత్త ఒసియానిల్సన్ 1949లోనే ఈ దోమల జాతి పురుగులు ఇలా సంకేతాలు ఇస్తాయని రాశారు. 1974లో జపాన్‌లో ఇచికావా, ఇషీ మన సుడిదోమ మీదే పరిశీలన చేశారు. ఆడది ఒకచోట కూర్చుని పొట్ట వణికిస్తుంది. మగది బదులిస్తూ, కాడ పట్టుకుని వెతుక్కుంటూ పోతుంది. 1980లో మన దేశ శాస్త్రవేత్తలు సక్సేనా, కుమార్ ఇంకో అడుగు వేశారు. బయటి నుంచి శబ్దం వినిపిస్తే పత్తి పచ్చదోమకీ, సుడిదోమకీ మాట తెగిపోయి, జత కట్టడానికి ఆటంకం కలిగిందని చూపించారు.

వినేవాళ్లు ఇంకా ఉన్నారు

ఈ మాటల్ని దోమలే కాదు, దోమల్ని తినేవి కూడా వింటాయి. యూరప్‌లో ఒక రకం సాలీడు దోమల వణుకును పట్టుకుని వేటాడుతుందని తేలింది. బ్రెజిల్‌లో గుడ్ల మీద బతికే చిన్న కందిరీగ, ఆడ నల్లి చేసే వణుకును బట్టి దాని దగ్గరికి పోతుంది.

ఇక్కడే మనకు అసలు సంగతి ఉంది. సుడిదోమ గుడ్లు వరి ఆకు తొడిమ లోపల ఉంటాయి, పైన కొట్టిన మందు వాటిని సరిగా తాకదు. సాలీళ్లు, మిరిడ్ నల్లులు మాత్రం బయట దొరికిపోతాయి. వారం పది రోజులకు గుడ్లు పగిలి పిల్లలు వచ్చేసరికి తినేవాడు లేడు. మందు కొట్టిన చేలోనే దోమ మళ్లీ ఎగబడటానికి ఇదొక ముఖ్య కారణం.

మిషన్ పెడితే సరిపోదా?

ఇటలీలో ద్రాక్షతోటల్లో ఈ పని చేస్తున్నారు. అక్కడి దోమల్లో మగది, పోటీకొచ్చిన ఇంకో మగదాని పాట చెడగొట్టడానికి ఒక రకం వణుకు చేస్తుంది. దాన్నే రికార్డు చేసి, పందిరి తీగలకు చిన్న పరికరాలు బిగించి వదులుతారు. 2017 నుంచి ట్రెంటో దగ్గర ఒక తోటలో దీన్ని పొలం స్థాయిలో నడిపి చూశారు. అక్కడ వరసంతా తీగ ఉంటుంది, వణుకు ప్రతి మొక్కకూ చేరుతుంది. మన పత్తికీ వరికీ తీగ ఎక్కడుంది? కాబట్టి "శబ్దంతో దోమ పోతుంది" అని ఎవరైనా పెట్టె అమ్మజూపితే తొందరపడి డబ్బులు పెట్టకండి.

మన చేలో చేయగలిగింది

పత్తిలో: ఆకు మీద నూగు ఉన్న రకాలు ఎంచుకోండి, పచ్చదోమ వాటి మీద అంతగా నిలవదు. చుట్టూ జొన్న, మధ్యలో అలసంద వేస్తే అక్షింతల పురుగులకు నీడ, తిండి దొరుకుతాయి. పై, మధ్య, కింది ఆకులు తిప్పి చూడండి. ఆకుకు రెండు పచ్చదోమలు దాటితేనే కషాయం ఆలోచన చేయండి.

వరిలో: ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయండి. గాలి, వెలుతురు దుబ్బు మొదలుకు తగలాలి. నీళ్లు అప్పుడప్పుడు తీసి ఆరబెట్టండి. దుబ్బును తట్టి చూడండి, దోమలు నీళ్లలో రాలతాయి. పిలక దశలో దుబ్బుకు 10–15 వస్తే జాగ్రత్త పడాలి.

రెండు పంటల్లోనూ దోమల్ని లెక్కపెట్టేటప్పుడు సాలీళ్లనీ లెక్కపెట్టండి. సాలీళ్లు బాగా ఉంటే నాలుగు రోజులు ఆగి మళ్లీ చూడండి. కషాయమే కదా అని తేదీ చూసుకుని కొట్టొద్దు. పొగాకు వేసిన అగ్నిఅస్త్రం మిత్ర పురుగుల్ని కూడా దెబ్బతీస్తుంది.

దోమ మాట మనకు వినపడదు. వినేవాళ్లు మన చేలోనే ఉన్నారు, వాళ్లని బతకనిస్తే చాలు. ఈ వారం మీ చేలో పది దుబ్బులు తట్టి చూసి, దోమలెన్ని, సాలీళ్లెన్ని అన్నది వీడియో కింద రాయండి.