కొంటానన్నవాడు వెనక్కి తగ్గితే బయానా ఎవరిది?

క్రయవిక్రయాలు కేవలం ప్రాపంచిక వ్యవహారాలు, వాటికీ ధర్మానికీ సంబంధం లేదు అనుకోవడం పొరపాటు. నమాజుకు, ఉపవాసానికి హద్దులున్నట్లే బేరానికీ హద్దులున్నాయి. అయితే మన ఇళ్లలో వుజూ మస్‌అలాలు తెలిసినంతగా బేరం మస్‌అలాలు తెలియవు. అందుకని ఈ నెల పాఠానికి పాత కారు అమ్మకాన్ని ఎంచుకున్నాం. మన సింగరేణి ప్రాంతంలో బండ్లు చేతులు మారడం మామూలు విషయం. గోదావరిఖని నుండి శ్రీరాంపూర్‌కు, అక్కడి నుండి భూపాలపల్లికో మణుగూరుకో బదిలీ అయినవారు అమ్ముతుంటారు. పదవీ విరమణ పొందినవారు అమ్ముతుంటారు. దసరా ముందు లాభాల వాటా చేతికి రాగానే కొనేవారు కొంటుంటారు. వెనుక ఈ బేరాలు తెలిసిన మెకానిక్ ద్వారానో, డ్యూటీలో తోటివారి ద్వారానో జరిగేవి. ఇప్పుడు ఫోనులో నాలుగు ఫోటోలతో ప్రకటన పెడితే హనుమకొండ నుండి, ప్రాణహిత అవతలి సిరోంచ నుండి కూడా ఫోన్లు వస్తాయి. ముఖం తెలియనివారితో బేరం అన్నమాట.

ఒక ఉదాహరణ అనుకుందాం. జైపూర్ విద్యుత్ కేంద్రంలో పనిచేసే ఒక సోదరుడు తన కారుకు 3 లక్షల 20 వేలు అడుగుతూ ప్రకటన పెట్టాడు. కరీంనగర్ వ్యక్తి ఒకరు 3 లక్షలకు ఒప్పుకొని, ఫోను ద్వారా 10 వేలు బయానా పంపి, ఆదివారం వచ్చి బండి తీసుకుంటానన్నాడు. ఈయన వేరే ఇద్దరిని వద్దని పంపేశాడు. శనివారం రాత్రి ఫోను వచ్చింది: "అన్నా, మా ఇంట్ల వద్దంటున్నరు. నా పైసలు వాపస్ పంపు." ఈయన మండిపడ్డాడు. బయానా ఇచ్చి వెనక్కి పోతే ఆ డబ్బు పోయినట్టేనని ఊరూవాడా అనే మాటే ఈయనా అన్నాడు. మరి ఆ 10 వేలు ఈయనకు హలాలేనా?

ముందుగా చూడవలసింది డబ్బును కాదు, మాటను. "తీసుకుంటాను" అనడానికీ, "తీసుకున్నాను" అనడానికీ మన తెలుగులో ఉన్న తేడాయే ఫిఖ్హ్‌లోనూ ఉంది. ముందుముందు చేయబోయే పనిని గురించి చెబితే అది వాగ్దానం. ఒకరు "ఇంతకు ఇచ్చాను" అని, మరొకరు "తీసుకున్నాను" అంటే ఈజాబ్, ఖబూల్ రెండూ పూర్తయి ఒప్పందం ఏర్పడుతుంది. మంగ్నీకి, నికాహ్‌కు ఉన్నంత తేడా ఇది. మంగ్నీ అయినంత మాత్రాన ఎవరూ భార్యాభర్తలు కారు కదా! అలాగని వాగ్దానం తేలిక విషయమూ కాదు. మాట ఇచ్చి తప్పడాన్ని దైవప్రవక్త (స) కపటుల చిహ్నాలలో ఒకటిగా పేర్కొన్నారు. ఇచ్చేటప్పుడే తప్పే ఉద్దేశం ఉంటే అది పాపం. కాని అవతలివాని పాపం వల్ల అతని సొమ్ము మనకు హలాల్ అయిపోదు.

ఫోనులో, వాట్సాప్‌లో కుదిరిన బేరానికి విలువ ఉందా అని కొందరు అడుగుతారు. ఉంది. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1990లో జిద్దాలో జరిగిన సమావేశంలో దీనిపై తీర్మానం చేసింది. రాతపూర్వకంగా పంపిన ప్రతిపాదన అవతలివారికి చేరి, వారు అంగీకరిస్తే ఒప్పందం ఏర్పడుతుంది. ఫోనులో మాట్లాడుకోవడం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడంతో సమానం. కనుక ఫోనులో చెప్పిన మాటే కదా అని అమ్మేవారు గాని, కొనేవారు గాని తప్పించుకోలేరు.

బేరం కుదిరాక వెనక్కి తగ్గడం మన కాలంలో పుట్టిన జాడ్యం కాదు. అబూ దావూద్, నసాయీ గ్రంథాలలో ఒక గుర్రం బేరం సంఘటన ఉంది. దైవప్రవక్త (స) ఒక పల్లెవాసి వద్ద గుర్రం కొన్నారు. డబ్బు చెల్లించడానికి అతణ్ణి తన వెంట రమ్మని తాను వేగంగా ముందు నడిచారు. అతను వెనుకబడ్డాడు. బేరం అయిపోయిందని తెలియని జనం దారిలో ఆ గుర్రానికి ఎక్కువ ధర పలికారు. దాంతో అతని మనసు మారింది. కొంటే కొనండి, లేదంటే అమ్మేస్తానని కేకవేశాడు. ఇదివరకే కొన్నాను కదా అని ప్రవక్త (స) అంటే, లేదు, సాక్షిని తెమ్మన్నాడు. హజ్రత్ ఖుజైమా బిన్ సాబిత్ (రజి) ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. బేరం వేళ లేని నీవు ఎలా సాక్ష్యం చెబుతున్నావని అడిగితే, మీరు సత్యమే పలుకుతారన్న విశ్వాసంతో చెబుతున్నానన్నారు. ఆయన ఒక్కరి సాక్ష్యాన్ని ఇద్దరి సాక్ష్యంగా ప్రవక్త (స) నిర్ణయించారు. అల్లాహ్ ప్రవక్తనే సాక్షి అడిగిన లోకంలో మనం సాక్షి లేకుండా లక్షల బేరం చేస్తున్నాం! క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమని సూరె బఖరాలోని 282వ ఆయత్ బోధిస్తోంది. ఆ ఆయత్‌ను మనం చదవడమైతే చదువుతాం.

ఇక మన కరీంనగర్ వ్యక్తి విషయానికి వద్దాం. అతను బండిని కళ్లతో చూడలేదు, ఫోటోలే చూశాడు. ఇక్కడ హనఫీ ఫిఖ్హ్‌లోని ఒక ముఖ్యమైన హక్కును గుర్తుంచుకోవాలి. దాని పేరు ఖియారె రూయత్, అంటే చూసిన తర్వాత నిర్ణయించుకునే స్వేచ్ఛ. చూడకుండా కొన్నవానికి, చూసినప్పుడు వద్దనే హక్కు ఉంటుంది. హజ్రత్ ఉస్మాన్ (రజి), హజ్రత్ తల్హా (రజి)ల మధ్య భూమి బేరం జరిగినప్పుడు ఈ ప్రశ్నే వచ్చింది. మధ్యవర్తిగా కూర్చున్న హజ్రత్ జుబైర్ బిన్ ముత్ఇమ్ (రజి), చూడకుండా కొన్న తల్హా (రజి)కే ఆ హక్కు ఉందని తీర్పు చెప్పారు. కాబట్టి ఆదివారం వచ్చి, బండిని చూసి, నచ్చలేదని వెళ్లిపోయేవానిని మోసగాడని తిట్టరాదు. అతని హక్కును అతను వాడుకున్నాడు. బయానా అణాపైసలతో సహా తిరిగి ఇవ్వాలి.

లోపం బయటపడితే చెప్పేదేముంది! మన ప్రాంతపు బండ్ల సంగతి మనకు తెలుసు. బొగ్గు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో, బొగ్గు లారీల రోడ్ల దెబ్బ సస్పెన్షన్‌లో కనబడుతుంది. 2022 జూలైలో గోదావరి వరద మంచిర్యాల కాలనీలలోకి వచ్చింది. అప్పుడు నీట మునిగిన బండి అయితే ఆ మాట కొనేవానికి చెప్పి తీరాలి, సీట్ల కవర్లు మార్చి దాచరాదు. బజారులో ధాన్యపు రాశిలో చేయిపెట్టి, అడుగున తడిని చూసి, దానిని పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) మందలించిన హదీసు ముస్లింలో ఉంది. వెనక్కి తగ్గిన కొనుగోలుదారుల మీద ఫిర్యాదులలో కొన్నింటికి మూలం ఈ దాచిపెట్టడమేనని మా అభిప్రాయం.

అయితే మన ఉదాహరణలో అతను చూడనూ లేదు, లోపం చెప్పనూ లేదు. ఇంట్లో వద్దన్నారు, అంతే. ఇప్పుడు బయానా ప్రశ్న సూటిగా ఎదురవుతుంది.

కొంటే ధరలో కలుస్తుంది, కొనకపోతే అమ్మినవానికే మిగులుతుంది అన్న షరతుతో ఇచ్చే సొమ్మును అరబీలో ఉర్బూన్ అంటారు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫియీ (రహ్మ) ఈ షరతును ధర్మసమ్మతంగా ఎంచలేదు. బదులుగా ఏదీ ఇవ్వకుండా పరుల సొమ్ము తినడం అవుతుందని వారి వాదన. ఉర్బూన్‌ను నిషేధించే హదీసు ఒకటి మువత్తాలో, అబూ దావూద్‌లో ఉంది. దాని పరంపర బలహీనమని హదీసువేత్తలు అన్నారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) మాత్రం దీనిని అనుమతించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో మక్కాలో చెరసాల కోసం సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఇంటిని 4 వేల దిర్హములకు మాట్లాడి, ఖలీఫా ఒప్పుకోకపోతే సఫ్వాన్‌కు 400 దిర్హములు ఇవ్వాలని షరతు పెట్టుకున్న సంఘటన దీనికి ఆధారం. ఫిఖ్హ్ అకాడమీ కూడా 1993లో బ్రూనైలో జరిగిన సమావేశంలో దీనిని అనుమతించింది. కాని వేచి ఉండే గడువు స్పష్టంగా నిర్ణయించుకోవాలని షరతు పెట్టింది.

ఇప్పుడు జైపూర్ సోదరుణ్ణి చూడండి. హనఫీ మస్లక్ ప్రకారం ఆ 10 వేలు ఆయనవి కావు. పోనీ, అనుమతించినవారి మాటే తీసుకుందామన్నా, డబ్బు మిగిలిపోతుందన్న షరతును ఆయన నోటితో చెప్పలేదు. ఆదివారం వస్తానని అతను అన్నాడే తప్ప, ఫలానా రోజు దాటితే బయానా తిరిగి రాదని ఇద్దరూ అనుకోనూ లేదు. ఊరి ఆచారం ఉందిగా అంటారేమో! హక్కు లేనిచోట ఆచారం హక్కును పుట్టించదు. కాబట్టి ఏ వైపు నుండి చూసినా ఆ సొమ్ము తిరిగి పంపవలసిందే.

కోర్టు సంగతి వేరు. మన దేశ కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఒప్పందంలో స్పష్టంగా రాసుకున్న బయానాను, కొనేవాని తప్పు వల్ల బేరం చెడితే అమ్మినవాడు ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టు 2012లో ఒక కేసులో చెప్పింది. చట్టం శిక్షించదు కనుక తినవచ్చు అనేది ముస్లిం ఆలోచన కారాదు. పిల్లల నోట్లో పెట్టే ముద్ద గురించి మాట్లాడుకుంటున్నాం.

మరి అమ్మేవానికి రక్షణ లేదా? లేకేం! బేరం పూర్తి ఒప్పందమై, కొనేవానికి పైన చెప్పిన హక్కులేవీ మిగలకపోతే, ఇతను రద్దుకు ఒప్పుకోనక్కర లేదు. బండి నీది, మిగతా డబ్బు తెచ్చి తీసుకెళ్లు అని అడిగే హక్కు ఉంది. డబ్బు మొత్తం అందేవరకు బండిని తనవద్దే ఉంచుకునే హక్కూ ఉంది. అంతకంటే చక్కని ఉపాయం హనఫీ ఫిఖ్హ్‌లోనే ఉంది. మూడు రోజులలో మిగతా సొమ్ము ఇవ్వకపోతే మన మధ్య బేరం లేనట్లే అని బేరంలోనే షరతు పెట్టుకోవచ్చు. దీనిని ఖియారె నఖ్ద్ అంటారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మూడు రోజుల వరకే అనుమతించగా, ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అంతకంటే ఎక్కువ గడువుకూ అనుమతించారు. గడువు దాటగానే బేరం ముగుస్తుంది, బయానా తిరిగి వెళుతుంది, బండి ఇంకొకరికి అమ్ముకోవచ్చు. నష్టం మూడు రోజుల నిరీక్షణే. అతని కోసం నిజంగా జేబులోంచి ఖర్చుపెట్టి ఉంటే, ఉదాహరణకు అతను అడిగినందుకు ఎన్.ఓ.సి. తీయించి ఉంటే, ఆ రసీదు చూపించి అడగండి. సంతోషంగా ఇస్తే తీసుకోండి. గొడవ వస్తే మీ ఊరి ముఫ్తీ గారి ముందు ఇద్దరూ కూర్చోండి. చెప్పకుండా కోసుకోవడం మాత్రం వద్దు.

హక్కు ఉండి కూడా వదులుకునేవారి స్థానం వేరు. కొని పశ్చాత్తాపపడినవాని బేరాన్ని రద్దుచేసిన వ్యక్తి తప్పులను అల్లాహ్ ప్రళయదినాన మన్నిస్తాడని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్, ఇబ్నె మాజాలలో ఉంది. దీనినే ఇఖాలా అంటారు. రద్దు చేసేటప్పుడు పుచ్చుకున్నదంతా తిరిగి ఇవ్వాలి, తగ్గించి ఇస్తానని షరతు పెట్టరాదు. హదీసులో ముస్లిం అని ఉంది కదా, ఇతరులకు వర్తించదేమో అని ఒక సందేహం మా వద్దకు వచ్చింది. మన బస్తీలలో కొనేవారిలో ఎక్కువమంది ముస్లిమేతరులే. బేరంలో నిజాయితీ అందరితోనూ ఒకటే. దైవప్రవక్త (స) మదీనాలో ఒక యూదుని వద్ద తన కవచాన్ని తాకట్టు పెట్టి బార్లీ తీసుకున్నారు. పక్క ఇంటి అన్న మన వల్ల 10 వేలు పోగొట్టుకుని ఇస్లాం గురించి ఏమనుకుంటాడో కూడా ఆలోచించాలి.

అమ్మేవారు వెనక్కి తగ్గడమూ తక్కువేమీ కాదు. బయానా పుచ్చుకున్నాక కూడా ప్రకటన తీసివేయకుండా, ఎక్కువ పలికేవాని కోసం చూడటం ఆ గుర్రం పల్లెవాసి చేసిన పనే. ఒకరి బేరం సాగుతుండగా మరొకరు మీద పడి బేరమాడటాన్ని ప్రవక్త (స) వారించారు. ఆ తప్పుకు ప్రకటన తలుపు తెరిచి పెడుతుంది.

అన్నింటికంటే ప్రమాదకరమైనది, బండి తీసుకెళ్లాక వెనక్కి తగ్గేవాడు. సగం డబ్బు ఇచ్చి, మిగతాది పేరు మార్చుకున్నాక ఇస్తానని వెళ్లి, పేరు మార్చుకోడు. మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో అమ్మకం అయితే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో ఆర్.టి.ఏ.కు తెలియజేయాలి. అలా చేయని బండి ఎవరినైనా గుద్దితే, రిజిస్టరులో పేరున్నవానిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇవ్వకండి. 29, 30 నంబరు ఫారాలను కొనేవాని పేరు, తేదీ నింపాకే సంతకం చేయండి. సిరోంచ వైపు వెళ్లే బండికి ముందుగా 28వ నంబరు ఫారంతో ఎన్.ఓ.సి. తీసుకోవాలి.

బయానా పేరుతోనే దోచేవారూ ఉన్నారు. సైనికుణ్ణని చెప్పి, బండి చూడకుండానే ధర ఒప్పుకొని, డబ్బు పంపడానికి క్యూ.ఆర్. కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పోవడానికే అవసరం. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి.

బయానా పుచ్చుకునే రోజున ఒక చిన్న కాగితం రాసుకోవచ్చు. బండి నంబరు, ఛాసిస్ నంబరు, కుదిరిన ధర, పుచ్చుకున్న బయానా, తెలిసిన లోపాలు, చూసి నిర్ణయించుకునే రోజు, మిగతా సొమ్ముకు గడువు తేదీ, ఆ తేదీ దాటితే బేరం లేదని, బయానా మొత్తం ఫలానా ఖాతాకు తిరిగి పంపబడుతుందని రాయండి. కింద ఇద్దరి సంతకాలు, రెండు సాక్షి సంతకాలు. దూరం నుండి కొనేవారైతే ఇదే మాటలను వాట్సాప్‌లో పంపి, "ఒప్పుకున్నాను" అని జవాబు వచ్చాకే బయానా తీసుకోండి.