షౌక్, సఫర్, జమాఖర్చు: పాత కార్ల వెంట ఒక పొదుపు యాత్ర

అరబీ భాషలో 'షౌక్' అంటే తీవ్రమైన కాంక్ష, తపన. ఆ మాట పారసీకం మీదుగా ఉర్దూలోకి, ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి 'షోకు' అయినది. వస్తూ వస్తూ దారిలో బరువు పోగొట్టుకొన్నది. ఉర్దూలో ఒకరికి పుస్తకాల షౌక్ ఉన్నదంటే అది గౌరవవాచకం. తెలుగులో ఒకనికి షోకులు ఎక్కువ అంటే చేతిలో డబ్బు నిలవనివాడని అర్థం. ఈ వ్యాసంలో నేను ప్రస్తావించేది మొదటి అర్థంలోని షౌక్‌ను. అందులోను పాత మోటారు కార్ల మీద కలిగే షౌక్‌ను. అటువంటి అభిరుచిని వెంటబెట్టుకొని, అప్పుల పాలు కాకుండా, ఒక సామాన్య కుటుంబీకుడు విదేశయాత్ర చేయగలడా అన్నది ఇక్కడి ప్రశ్న.

మన ఇళ్లలో విదేశమనగానే మూడు కారణాలే స్ఫురిస్తాయి: కొలువు, పైచదువు, హజ్. నాలుగవ కారణం చెప్పినవానిని చూచి పెద్దలు నవ్వుతారు. కార్లు చూడడానికి సముద్రాలు దాటడమేమిటని అడుగుతారు. ఆ నవ్వులో కొంత న్యాయం లేకపోలేదు. కాని ఇరవై యేండ్లపాటు అంబాసిడర్ ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్కుకు ఆ కారు మూలపురుషుడు పుట్టిన ఊరు చూడాలనిపిస్తే అది విలాసమని నేననుకోను. సాహిత్య విద్యార్థి రాజమహేంద్రవరం వెళ్లి నన్నయ నాటి గోదావరి తీరాన నిలబడాలనుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. తేడా అంతా ఖర్చులో ఉన్నది. కనుక ఖర్చును గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి.

పది రోజులలో ఏడు దేశాలు చూపించే యాత్రా సంస్థల ప్రకటనలు పత్రికలలో నిత్యం కనిపిస్తాయి. అభిరుచి గలవానికి అవి పనికిరావు. బస్సు కిటికీలోనుండి చూచిన మ్యూజియం గుమ్మం ఎవరికి కావాలి? పొదుపుగా యాత్ర చేయదలచినవాడు ఒక్క దేశాన్ని, వీలైతే ఒక్క కారు వంశవృక్షాన్ని పట్టుకోవాలి. దారిని ఆ కారే నిర్ణయిస్తుంది. చూడనవసరం లేనివి వాటంతట అవే జాబితా నుండి తొలగిపోతాయి. డబ్బు మిగిలేది అక్కడే.

ఉదాహరణకు మన అంబాసిడర్‌నే తీసుకొందాము. కలకత్తా సమీపంలోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో దీని తయారీ ప్రారంభించారు, 2014లో ఆగిపోయినది. తాసీల్దారు నుండి ప్రధానమంత్రి వరకు అందరూ ఎక్కిన ఈ బండి పుట్టుకతో మనది కాదు. ఇంగ్లండులో 1956లో వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారే దీని మాతృక. దానికి ముందు మన దేశంలో తయారైన ల్యాండ్‌మాస్టర్‌కు అదే కారు రెండవ శ్రేణి ఆధారం. అంబాసిడర్‌కు కొద్దికాలంలోనే అమర్చిన 1489 సి.సి. ఇంజను మరింత ఆసక్తికరమైనది. అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి' శ్రేణిలోనిది. అదే ఇంజనును వారు ఎం.జి.ఎ. అనే పరుగుపందెపు వన్నె గల కారులోనూ వాడారు. లండను యువకుడు టోపీ ఎగిరిపోయే వేగంతో నడిపిన కారూ, పెండ్లివారు పదిమంది ఇరుక్కొని కూర్చున్న మన టాక్సీ హృదయం దగ్గర అన్నదమ్ములన్న మాట.

ఇంతటి బంధుత్వం తెలిసిన తరువాత ఏ దేశం వెళ్లాలన్న చర్చ ముగిసినట్లే. అయితే విమానం ఎక్కకముందే ఒక పాఠం ఇంటి వద్ద చదువుకోవచ్చు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకొన్న సింహాసనపు కారు అది. 1911లో ఆయన మరణించిన తరువాత గాని తయారై రాలేదు. పసుపుపచ్చని ఆ బండి ముందు అరగంట నిలబడి, దీపాలు, చక్రాలు, లోపలి ఆసనం, పైకప్పు నోటు పుస్తకంలో రాసుకోగలిగినవానికి విదేశంలో ఏమి చూడాలో తెలుస్తుంది. అయిదు నిమిషాలలో విసుగు పుట్టినవాడు డబ్బు దాచుకోవడం మేలు.

పరిభాష కొంత తెలిసి ఉండాలి. 1904 వరకు తయారైన కార్లను అక్కడివారు 'వెటరన్' అంటారు. 1919 నుండి 1930 వరకు వచ్చినవి 'వింటేజ్'. 'క్లాసిక్' అన్న మాట వీటికంటె విశాలమైనది, కొంత వదులైనది కూడా. మన అంబాసిడర్ ఆ కోవలోకి వస్తుంది.

ఇంగ్లండు వెళ్లడానికి వేసవి మంచిదని అందరూ అంటారు. నా లెక్క ప్రకారం నవంబరు మొదటి వారం మేలు. చలి ఉంటుంది, సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, వాన కూడా పడవచ్చు. కాని విమానపు కిరాయిలు సాధారణంగా వేసవి కంటె తగ్గుతాయి. అంతకంటె ముఖ్యమైన కారణం, ఆ నెల మొదటి ఆదివారంనాడు లండన్ నుండి బ్రైటన్ వరకు వెటరన్ కార్ల పరుగు జరుగుతుంది. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1865 నాటి చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బండి పల్లెలలో గంటకు 4 మైళ్లు, పట్టణాలలో 2 మైళ్లు మించి పోరాదు. ఎర్రజెండా పట్టుకొని ఒక మనిషి ముందు నడవాలి. 1896 చట్టం ఆ అడ్డంకిని తొలగించి వేగాన్ని 14 మైళ్లకు పెంచినది. ఆ సంతోషంలో 1896 నవంబరు 14న కార్లవారు లండన్ నుండి బ్రైటన్‌కు ఊరేగింపుగా వెళ్లారు. ఆ జ్ఞాపకార్థమే ఈ పరుగు. ఇది పందెం కాదు. గమ్యం చేరడమే గెలుపు. 1905 జనవరి 1కి ముందు తయారైన బండ్లకే ఇందులో ప్రవేశం. 1953లో వచ్చిన 'జెనెవీవ్' అనే చలనచిత్రానికి ఈ పరుగే కథావస్తువు.

పొదుపరికి ఇందులోని ఆకర్షణ ఏమనగా, రోడ్డు పక్కన నిలబడి చూడడానికి టికెట్టు లేదు. సూర్యోదయంతో హైడ్ పార్కు వద్ద బండ్లు బయలుదేరుతాయి. ఆవిరి కక్కేవి, దగ్గేవి, కదలనని మొండికేసేవి, కంబళ్లు కప్పుకొన్న దొరలు, దొరసానులు, చీకటిలో ఇత్తడి దీపాలు. బయలుదేరడం చూచిన తరువాత విక్టోరియా స్టేషనులో రైలెక్కితే గంటకు అటు ఇటుగా బ్రైటన్ చేరవచ్చు. అరవై మైళ్ల దారిలో ఆ ముసలి బండ్లకు చాలా గంటలు పడుతుంది గనుక సముద్రతీరాన మదీరా డ్రైవ్‌లో వాటిని మరల చూడవచ్చు. ఆదివారాలలో అక్కడి రైలుమార్గాల మరమ్మతులు జరుగుతుంటాయి, ముందుగా విచారించుకోవాలి. ముందురోజు శనివారం లండన్ నడిబొడ్డున వీధిలో ఈ కార్ల ప్రదర్శన కూడా జరపడం ఆనవాయితీ. దానికీ రుసుము ఉండదు. ఇన్ని కోట్ల విలువ చేసే బండ్లను ఇంత చవుకగా చూపే సందర్భం మరొకటి నాకు తెలియదు.

అక్కడినుండి ఆక్స్‌ఫర్డ్. లండన్ నుండి రైలు కంటె బస్సు తరచు చవుక. లోకానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పట్టణం; మనకు విలియం మోరిస్ ఊరు. ఆయన 1877లో పుట్టాడు. చదువు పదిహేనవ యేటికే ముగిసినది. ఇంటి దొడ్డిలో సైకిళ్లు బాగుచేయడంతో మొదలుపెట్టి, లాంగ్‌వాల్ వీధిలోని గ్యారేజీకి ఎదిగి, 1913లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే మొదటి కారును బయటికి తెచ్చాడు. ఎం.జి. అన్న రెండక్షరాలు ఆ 'మోరిస్ గ్యారేజెస్'కు పొట్టిపేరే. తరువాత లార్డ్ నఫీల్డ్ అయినాడు. తన సంపాదనతో విశ్వవిద్యాలయంలో ఒక కళాశాలనే నెలకొల్పాడు. కాళ్లూ చేతులే కాక ఊపిరి కూడా స్తంభించే పోలియో రోగుల కొరకు 1938 తరువాత తన కార్ల కర్మాగారంలోనే శ్వాసయంత్రాలు చేయించి సామ్రాజ్యంలోని ఆసుపత్రులకు ఉచితంగా పంపించాడు. డిగ్రీ లేనివాడు డిగ్రీలిచ్చే చోట కళాశాల కట్టించడం మన విద్యార్థులు గమనించదగిన విశేషం.

లాంగ్‌వాల్ వీధి గ్యారేజీ భవనాన్ని బయటినుండి చూడవచ్చు. ఊరి అంచున కౌలీలో మోరిస్ కర్మాగారం ఉన్న చోట ఇప్పుడు బి.ఎం.డబ్ల్యు. వారు మినీ కార్లు చేస్తున్నారు. మొదటి మినీని 1959లో రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ ఉస్మానియా తుర్కుల ఏలుబడిలోని స్మిర్నా నగరంలో 1906లో పుట్టినవాడు. కాని మన కారు సంతతిని తాకి చూచినంత దగ్గరగా చూడాలంటే లాంగ్ హాన్‌బరో గ్రామానికి పోవాలి. ఆక్స్‌ఫర్డ్ నుండి రైలులో కొద్ది నిమిషాల దూరం. స్టేషను పక్కనే బస్సుల మ్యూజియం, దానిలో భాగంగా మోరిస్ మోటార్స్ మ్యూజియం ఉన్నవి. స్వచ్ఛంద సేవకులు నడుపుతారు గనుక వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. పెద్ద మ్యూజియములలో తాడు కట్టి దూరంగా నిలబెడతారు; ఇటువంటి చిన్నచోట చేతికి నూనె అంటిన ముసలివారు ఎదురుపడతారు. వారితో అంబాసిడర్ ముచ్చట ఎత్తి చూడండి.

కౌలీ రోడ్డులో మన తిండికి కొరత లేదు. హలాల్ భోజనశాలలు కలవు. ఆ రోడ్డు నుండి చీలిన ఒక వీధిలో మసీదు ఉన్నది. ఆ వీధి పేరు 'మంజిల్ వే'. ఉర్దూ చదివిన బాటసారికి అంత దూరదేశంలో గమ్యమనే మాట వీధిపలక మీద కనిపించడం చిన్న సంతోషం కాదు.

తరువాతి మజిలీలలో ఎంపిక అవసరం. కవెంట్రీ రవాణా మ్యూజియం రైలుస్టేషను నుండి నడిచిపోదగిన దూరంలో ఉన్నది. 1997లో గంటకు 763 మైళ్ల వేగంతో ధ్వనిని మించి పరుగెత్తిన థ్రస్ట్ ఎస్.ఎస్.సి. అక్కడ ఉన్నది. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం బ్రిటిష్ కార్ల పూర్తి చరిత్రకు నిలయం. కాని రైలు అంతవరకు పోదు, నలుగురు కలసి టాక్సీ మాట్లాడుకొంటేనే గిట్టుబాటు. దక్షిణాన న్యూ ఫారెస్ట్ అడవిలో బ్యూలీ ఉన్నది. లార్డ్ మాంటగూ తన తండ్రి స్మృతికై 1952లో తన భవనంలో కొన్ని కార్లతో ప్రారంభించిన ప్రదర్శన జాతీయ మ్యూజియంగా పెరిగినది. 1927లో మొదటిసారి 200 మైళ్ల వేగం దాటిన సన్‌బీమ్ అక్కడ చూడవచ్చు. దానికీ రైలు బ్రోకెన్‌హర్స్ట్ వరకే. వంశవృక్షం వెతికేవాడు గేడన్, వేగాన్ని ప్రేమించేవాడు బ్యూలీ ఎంచుకోవాలి. రెండూ పెట్టుకొంటే ఒక రోజు కిరాయిలకే పోతుంది. లండన్‌కు దగ్గరలోని బ్రూక్‌లాండ్స్‌ను మాత్రం విడువరాదు. 1907లో కట్టిన ఆ పందెపు బాట ప్రపంచంలో కార్ల పందెముల కొరకే నిర్మించిన మొదటిది. గోడవలె వాలిన దాని కాంక్రీటు మలుపులు కొన్ని నేటికీ నిలిచి ఉన్నవి.

ఇక డబ్బు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు: తెలుగువాని లెక్కల పుస్తకమంతా ఉర్దూ మీదుగా వచ్చిన మాటలతోనే నిండి ఉన్నది. వీటిలో 'బాకీ'ని ఈ యాత్రలోకి రానీయరాదు. విధియైన హజ్‌కే స్తోమత ఉండాలని నిబంధన ఉన్నది. అప్పులు తీర్చి, ఇంటివారికి గ్రాసం ఏర్పాటు చేసి గాని బయలుదేరరాదంటారు. విధియే అంత షరతుతో కూడినదైతే షౌక్ సంగతి చెప్పనక్కరలేదు. చెల్లెలి పెండ్లికి దాచిన సొమ్ము, తమ్ముని ఫీజు, వీటిని ముట్టుకొనే యాత్ర ఎంత చవుకైనా ఖరీదైనదే. రెండేళ్లో మూడేళ్లో నెలనెలా వేరుగా దాచి, మొత్తం కూడిన తరువాతే తేదీ నిర్ణయించాలి. వేసుకొన్న అంచనాకు పైన పదవవంతు ముట్టకుండా ఉంచుకోవాలి. పౌండు విలువ మన చేతిలో లేదు.

విమానపు కిరాయి, వీసా, బస: ఈ మూడే పెద్ద పద్దులు. గల్ఫ్ నగరాల మీదుగా మారి వెళ్లే విమానాలు తరచు చవుక. బసకు యూత్ హాస్టళ్లు ఉన్నవి. కారు అద్దెకు తీసుకోవాలన్న కోరికను జయించాలి. అక్కడ కూడా మనవలె ఎడమవైపే నడుపుతారు, మన లైసెన్సు సందర్శకులకు చెల్లుతుంది, కాని అద్దె, బీమా, పెట్రోలు, పార్కింగు కలిపితే రైలు ఎన్నోరెట్లు నయం. ముందుగా కొన్న రైలు టికెట్లకు, అప్పటికప్పుడు కొన్నవాటికి ధరలో చాలా వ్యత్యాసం ఉంటుంది. 16 నుండి 25 ఏళ్ల వారు రైల్‌కార్డు కొంటే చాలా టికెట్ల మీద మూడవవంతు తగ్గుతుంది. రెండు మూడు దూరప్రయాణాలు ఉంటే కార్డు ఖరీదు తిరిగి రావచ్చు.

వీసా విషయంలో ఒక హెచ్చరిక. నిరాకరిస్తే రుసుము తిరిగి రాదు. కనుక వీసా చేతికి రాకముందు రద్దు చేసుకోలేని విమాన టికెట్టు కొనరాదు. ఖాతాలో సొమ్ము నెలల తరబడి నిలకడగా ఉండాలి. బంధువుల వద్ద నాలుగు రోజులకు లక్షలు తెచ్చి ఖాతాలో చూపించే ఉపాయం చెప్పేవారు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారి మాట వినకండి. అది మోసమని తేలితే పదేండ్లు ఆ దేశపు గుమ్మం తొక్కనీయరు. ఆ నష్టం కార్లతో ఆగదు, రేపటి పైచదువుకూ తగులుతుంది. ఏ కార్ల కొరకు పోతున్నారో, ఏ రోజు ఎక్కడ ఉంటారో ఒక పేజీలో సూటిగా రాసి జతపరచండి. స్పష్టమైన ప్రయోజనం గల యాత్రికునికి అది చెప్పుకోవడంలో కష్టమేమీ ఉండదు.

నవంబరు పరుగును లక్ష్యంగా పెట్టుకొన్నవారు వెనుకకు లెక్కించుకోవాలి. వీసా దరఖాస్తును ప్రయాణానికి మూడు నెలల ముందు నుండి మాత్రమే స్వీకరిస్తారు. నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు. అనగా ఆగస్టులో దరఖాస్తు, హైదరాబాదు కేంద్రంలో వేలిముద్రలు. జూలైలో కళాశాల నుండో, పని ఇచ్చే యజమాని నుండో సెలవు పత్రం. జూన్ నాటికి చేతిలో పాస్‌పోర్టు. సెప్టెంబరులో విమానం, బస. రైలు టికెట్లు ఆ వెంటనే. ఉన్ని బట్టలు మాత్రం ఇక్కడే కొనుక్కొని పోవడం మంచిది.