పుదుచ్చేరి ఆకాశం నుంచి నక్షత్ర స్పందనల దాకా

1689లో ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్ రిషో పుదుచ్చేరి నుంచి చూసి ఆల్ఫా సెంటారీ జంట నక్షత్రమని గుర్తించాడు. వాటిలో పెద్దదైన ‘ఎ’ సుమారు 7 నిమిషాలకోసారి స్పందిస్తోందని 2001లో తేలింది. కంటికి కనిపించని నక్షత్ర గర్భానికి ఈ స్పందనలే నమ్మదగిన సాక్ష్యం. నక్షత్ర భ్రమణం ఒక్కో స్పందన పౌనఃపున్యాన్ని కొన్నిగా చీలుస్తుంది; ఆ చీలికల ఎడం నుంచి లోపలి భ్రమణ వేగం తెలుస్తుంది.

అయస్కాంత క్షేత్రం కూడా పౌనఃపున్యాలను మారుస్తుంది కదా, రెండింటినీ వేరుచేసేదెలా అన్న అభ్యంతరం సహేతుకమే. నెమ్మదిగా తిరిగే నక్షత్రంలో భ్రమణ చీలికలు దాదాపు సమదూరంలో ఉంటాయి. అయస్కాంతత్వం ఆ సమతను చెదరగొడుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రమున్న కొన్ని నక్షత్రాల కోసం 1982లో ఖగోళ శాస్త్రవేత్త డాన్ కర్ట్జ్ ప్రతిపాదించిన ‘వాలు స్పందక నమూనా’లో స్పందన అక్షం భ్రమణాక్షాన్ని కాక, దానికి వాలుగా ఉన్న అయస్కాంత అక్షాన్ని అనుసరిస్తుంది. అభ్యర్థులు గుర్తుంచుకోవాల్సిన అంశం: నక్షత్ర స్పందనల అధ్యయనమే ఆస్టరోసీస్మాలజీ.