ఉపన్యాసం వింటూ నోట్సు రాసుకోవడానికి చిట్కాలు

ఉపన్యాసాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో మామూలుగా 5 నుంచి 7 నిమిషాల ఉపన్యాసానికి 2, 3 నిమిషాల సమీక్ష ఉంటుంది. బడిలో వక్తృత్వ పోటీకి జడ్జిగా పిలిచినా పని అదే: విని, ఎలా ఉందో చెప్పడం. వింటూ రాసుకున్న కాగితం సరిగ్గా ఉంటే చెప్పడానికి తడుముకోనక్కర్లేదు.

1. మొదలవకముందే వక్తను అడగండి: ఈసారి దేని మీద శ్రద్ధ పెడుతున్నారు? గొంతా, చేతుల కదలికా, కథ నడపడమా? ఆ మాట పేజీ పైన రాసుకోండి.

2. పేజీ మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు విన్నది, చూసింది. కుడివైపు దాని ఫలితం. ‘బాగుంది’ అని రాసుకుంటే కాసేపటికి ఏది బాగుందో మీకే గుర్తుండదు. ‘నాన్న సైకిలు అమ్మేశాడని చెప్పి ఆగారు’ అని ఎడమన, ‘హాల్లో చప్పుడు లేదు’ అని కుడిన రాసుకోండి. రేపు ఎవరైనా ‘ఎందుకు బాగుంది?’ అని అడిగితే జవాబు అక్కడే ఉంటుంది.

3. మనసుకు తగిలిన ఒక వాక్యాన్ని మాత్రం పొల్లు పోకుండా రాసుకోండి. మీరు దాన్ని తిరిగి చెప్పినప్పుడు వక్త ముఖం చూడాలి!

4. మిగతాదంతా పొట్టి గుర్తులే. నచ్చినదానికి కూడిక గుర్తు, సందేహానికి ప్రశ్నార్థకం. తల వంచుకుని రాస్తూ కూర్చుంటే వక్త చూపు ఎటుందో మీకెలా తెలుస్తుంది?

5. మొదటి వాక్యం, చివరి వాక్యం తప్పక రాయండి.

6. ‘అంటే’, ‘మరి’, ‘యాక్చువల్లీ’ లాంటి ఊతపదాలకు పేజీ మూలన ఒక్కో గీత చాలు. అయితే టోస్ట్‌మాస్టర్స్‌లో ఈ లెక్కకు ‘ఆ కౌంటర్’ (Ah-Counter) అని వేరే మనిషి ఉంటారు, వాళ్లకే వదిలేయండి. బడిపిల్లల విషయంలో నన్నడిగితే ఈ లెక్కే వద్దు. తర్వాతిసారి వాళ్లకు స్టేజీ మీద ఆ అంకె తప్ప ఇంకేమీ గుర్తుండదు.

7. చప్పట్లు మోగుతుండగానే మూడింటికి సున్నా చుట్టండి: రెండు మెచ్చుకోళ్లు, ఒక సూచన. మిగతావి ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. సూచన అనేది చేసి చూడగలిగేదై ఉండాలి. ‘వేగం తగ్గించండి’ అంటే ఎవరికీ అందదు. ‘అంకె చెప్పాక ఒకసారి ఊపిరి తీసుకోండి’ అంటే అందుతుంది.

8. అడిగితే ఆ కాగితం వక్తకే ఇచ్చేయండి. అందుకే వాళ్ల ముందు చదవలేని మాట ఏదీ దాని మీద రాయకండి.