దీపమునకు వెల యెవరు చెల్లింతురు?

విద్యార్థులారా! “మా యింటి కరెంటు బిల్లు సున్న” అని మీలో పలువురు సంతోషముతో చెప్పుచుందురు. 2023వ సంవత్సరమున కర్ణాటక ప్రభుత్వము ఆరంభించిన గృహజ్యోతి పథకము దీనికి కారణము. నెలకు 200 యూనిట్లకు మించక, ఆయా గృహముల వెనుకటి వాడుకను బట్టి, ఈ సౌకర్యము లభించుచున్నది. పది హార్స్‌పవర్ వరకు గల వ్యవసాయపు పంపుసెట్లకును విద్యుత్తు ఉచితమే.

అయినను విద్యుత్తు వ్యయము లేక పుట్టునా? మన జిల్లాలో కుడితిని వద్దనున్న 1,700 మెగావాట్ల కేంద్రమునకు బొగ్గు కొనవలెను. తుంగభద్ర ఆనకట్ట వద్దను, హంపి వద్దను ఒక్కొక్కటి 36 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రములు కలవు. వీని శక్తిని ఆంధ్రప్రదేశము నూటికి 80 పాళ్లు, కర్ణాటకము 20 పాళ్లు పంచుకొనుచున్నవి. అచ్చట నీటికి వెల లేకున్నను యంత్రములకు, మరమ్మతులకు ధనము కావలెను. మనకు విద్యుత్తు నందించు జెస్కాం సంస్థ ఇట్టి శక్తిని కొని, తీగెల ద్వారా ఇంటింటికి చేర్చును.

ఈ వ్యవహారమునకు ఆధారము 2003వ సంవత్సరపు విద్యుత్ చట్టము. అందు మూడు విషయములు ముఖ్యములు. మొదటిది: ధరలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమీషను నిర్ణయించును, సరఫరా సంస్థకు న్యాయమైన వ్యయము రావలెను, వినియోగదారునికి హాని కలుగరాదు. రెండవది: కొను విద్యుత్తులో కొంత భాగము సూర్యరశ్మి, గాలి వంటి తరుగని వనరుల నుండి రావలెను. మూడవది: ప్రభుత్వము ఎవరికైన ధర తగ్గింపదలచినచో ఆ సొమ్మును సంస్థకు ముందుగనే చెల్లింపవలెను.

ఈ మూడవ నియమమును ఒక ఉదాహరణముతో గ్రహింపుడు. ఒక దాత పూటకూళ్లవానితో “పేదబాలురకు అన్నము పెట్టుము, సొమ్ము నేనిచ్చెదను” అనెను. సొమ్ము సకాలమున అందినచో అందరికి మేలు. ఆలస్యమైనచో పూటకూళ్లవాడు బియ్యమునకై అప్పు చేయును. ఆ వడ్డీ తుదకు ఇతరుల భోజనపు వెలపై పడును. కావున ఉచితమనగా వెల లేనిదని కాదు. ఆ వెలను ప్రజల పన్నుల నుండి ప్రభుత్వము చెల్లించునని యర్థము. పేదయింట దీపము వెలుగుట ధర్మమే. దాని సొమ్ము సకాలమున చెల్లించుటయు ధర్మమే.

ధరల ప్రతిపాదనలు ప్రకటింపబడినపుడు ప్రజలు తమ ఆక్షేపణలను కమీషనుకు తెలుపుకొనవచ్చును. ఈ హక్కును చట్టమే యిచ్చినది. కాని ఇంట తెలుగు మాటలాడు మన పెద్దలలో కొందరు కన్నడ బిల్లును చదువలేక మొత్తము మాత్రమే చూతురు. నేనును చిరకాలము అట్లే చేసితిని. ఒకమారు సెలవులలో ఇల్లు తాళము వేసి పోయి వచ్చునప్పటికి బిల్లు వచ్చి యుండెను. అప్పుడు గాని, వాడుక లేకున్నను స్థిర రుసుము ఉండునని నాకు తెలియలేదు.

మీరు రెండు భాషలు నేర్చుచున్నారు. ఈ నెల బిల్లును చదివి, ఒక్కొక్క పంక్తిని తల్లిదండ్రులకు తెలుగున వివరింపుడు.

ప్రశ్నలు
1. మీ యింట నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చగుచున్నవి?
2. ఉచిత విద్యుత్తుకు వెల చెల్లించువారెవరు?
3. నీటికి వెల లేకున్నను జలవిద్యుత్తుకు వ్యయమేల?