వెల్‌కమ్ అన్నాక ఏమంటారు?

పెళ్లి ఫ్లెక్సీల మీదా, కాలేజీ వార్షికోత్సవాల బ్యానర్ల మీదా ‘వెల్‌కమ్’ అనే మాటను రెండు ఎల్‌లు పెట్టి రాయడం మనకు బాగా అలవాటు. ‘వెల్’ అంటే బాగా, ‘కమ్’ అంటే రావడం, కాబట్టి రెండూ కలిపేస్తే సరి అనుకుంటాం. మన ‘స్వాగతం’ కూడా సు, ఆగతం కలిసిన మాటే కనుక ఆ ఊహ సహజమే. కానీ ఈ ఇంగ్లీషు మాట పుట్టుక వేరు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో దీని రూపం ‘విల్‌కుమ’. మొదటి సగానికి ఇష్టం అని, రెండో సగానికి వచ్చినవాడు అని అర్థం. ఎవరి రాక మనకు ఇష్టమో ఆ మనిషే ‘విల్‌కుమ’. ‘వెల్’ అనే రూపం తర్వాత, ఫ్రెంచి మాటల పోలికతో వచ్చింది. స్పెల్లింగులో ఎల్ మాత్రం ఒక్కటే.

ఈ అర్థాన్ని మనసులో పెట్టుకోండి. మీరు రావడం నాకు సంతోషం అని ఎదుటివారికి తెలియజేయడమే ఈ మాట చేసే పని. ఇంటర్వ్యూలకు వెళ్లేవారు, ఫ్రంట్ ఆఫీసులో పనిచేసేవారు, స్టేజీ ఎక్కి మైకు పట్టుకునేవారు దీన్ని తప్పుల్లేకుండా వాడటం నేర్చుకోవాలి. ఒక్క పూట సాధన చాలు.

ఊరి పేరో, సంస్థ పేరో చెప్పేటప్పుడు ‘టు’ పెట్టాలి. ‘వెల్‌కమ్ టు విజయవాడ’ అనాలి, ‘వెల్‌కమ్ ఇన్ విజయవాడ’ అనకూడదు. అమెరికా దుకాణాల్లో ఈ మధ్య ‘వెల్‌కమ్ ఇన్’ అనే పలకరింపు వినిపిస్తోంది. అక్కడి మన పిల్లలు అది విని తికమకపడనక్కర్లేదు. లోపలికి రండి అని దాని భావం, దాని వెనక ఊరి పేరు రాదు. మీ రాక మాకు ఇష్టమే అని చెప్పడానికి ‘యు ఆర్ వెల్‌కమ్’ అంటే చాలు, చివర ‘డ్’ అక్కర్లేదు. ‘వెల్‌కమ్డ్’ అనేది జరిగిపోయిన పనికి వాడతాం: నిన్న వాళ్లు మమ్మల్ని ఆదరంగా ఆహ్వానించారు అని చెప్పాలంటే ‘దే వెల్‌కమ్డ్ అస్’. మనుషులకే కాదు, కోరుకున్నది జరిగినప్పుడూ ఈ మాట నప్పుతుంది. రోహిణి కార్తె ఎండల్లో ఒక జల్లు పడితే అది ‘వెల్‌కమ్ రెయిన్’.

ఎక్కువమంది తడబడేది ‘థాంక్యూ’కి జవాబు చెప్పేటప్పుడు. తల ఊపి ఊరుకుంటారు, లేదా ‘ఓకే’ అంటారు. ‘యు ఆర్ వెల్‌కమ్’ అని నవ్వుతూ అనండి, ఎంత హుందాగా ఉంటుందో చూడండి. దీన్ని తెలుగులోకి ‘మీకు స్వాగతం’ అని దించితే మాత్రం అర్థం చెడుతుంది. ఆ చోట మనం ‘అయ్యో, దానికేముందండీ’ అంటాం. ‘మోస్ట్ వెల్‌కమ్’ అనడం మనదేశపు ఇంగ్లీషని కొందరు చిన్నచూపు చూస్తారు. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకంలో డెస్డెమోనా కృతజ్ఞతకు బదులిస్తూ ఆ రెండు మాటలే వాడింది. నిశ్చింతగా వాడుకోండి.

ఇదే మాటకు ముందు ‘అన్’ చేరిస్తే చాలా బరువైన మాట అవుతుంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టడానికి 2013లో వచ్చిన చట్టం వేధింపును నిర్వచించింది ‘అన్‌వెల్‌కమ్’ అనే మాటతోనే. తాకడం, లైంగిక ధోరణిలో మాట్లాడటం వంటివి ఎదుటివారికి ఇష్టం లేనివైతే అవి వేధింపే. సరదాకి అన్నాను, చనువుకొద్దీ చేశాను అంటే చెల్లదు. పలకరింపులోనూ ఈ జాగ్రత్త ఉండాలి. భుజం తట్టడం, చెయ్యి పట్టుకుని వదలకపోవడం కొందరు ఆత్మీయత అనుకుంటారు. అవతలివారు చెయ్యి చాపితే కలపండి, లేకపోతే నమస్కారం పెట్టండి. నమస్కారంలో తక్కువేమీ లేదు.

మాట సంగతి ఇది. ఇక దాన్ని పలికే తీరు చూద్దాం.

ఏదైనా కల్యాణ మండపం గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడి గమనించండి. ఒకవైపు చక్కగా ముస్తాబైన అమ్మాయిలు వచ్చినవారి మీద పన్నీరు చల్లుతుంటారు, గంధం అందిస్తుంటారు. చెయ్యి పని చేస్తుంటుంది, చూపు ఇంకెక్కడో ఉంటుంది. పక్కనే పెళ్లికూతురి తండ్రి ఉంటాడు. మెడలో కండువా, రెండు రోజులుగా నిద్ర లేని కళ్లు. దూరపు చుట్టం లోపలికి రాగానే నాలుగు అడుగులు ఎదురెళ్లి, ‘రా బావా, రా. బస్సు దొరికిందా? అక్కయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయి? ముందు టిఫిన్ చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం’ అంటాడు. ఒరేయ్ అని ఎవరినో కేకేసి, ‘మామయ్యను డైనింగు హాలుకి తీసుకెళ్లు’ అని పురమాయిస్తాడు. స్వాగతం అన్న మాటే ఆయన నోట రాలేదు. వచ్చిన మనిషిని గుర్తుపట్టాడు, ప్రయాణం గురించి అడిగాడు, ఎటు వెళ్లాలో చూపించాడు. వందలమంది జనంలో ఆ చుట్టానికి పరాయితనం ఉండదు.

నా దృష్టిలో వెల్‌కమ్ అన్న తర్వాత వచ్చే రెండో వాక్యమే అసలు స్వాగతం. ‘వెల్‌కమ్ సర్’ అని మళ్లీ కంప్యూటర్ తెరలోకి తల దించుకునే రిసెప్షనిస్టు సగం పనే చేసినట్టు. ‘వెల్‌కమ్ సర్, డాక్టరుగారు పావుగంటలో వస్తారు, ఇలా కూర్చోండి’ అంటే రోగి గుండె కాస్త కుదుటపడుతుంది. కాలేజీ సభల్లో స్వాగతోపన్యాసం చేసేవారు అతిథి పేరుకు ముందు అరడజను విశేషణాలు తగిలించేకంటే, ఆయన చేసిన ఒక పనిని ముందే తెలుసుకుని చెబితే ఆయనా సంతోషిస్తాడు, సభా వింటుంది. పేరును సరిగ్గా పలకడం వీటన్నిటికంటే ముఖ్యం. తెలియకపోతే ముందే అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు.

కొత్త ఉద్యోగుల విషయంలో మనం చాలా నిర్లక్ష్యంగా ఉంటాం. చేరిన రోజు ‘వెల్‌కమ్ ఆన్ బోర్డ్’ అని మెయిల్ వస్తుంది. కానీ కూర్చోవడానికి సీటుండదు, లాగిన్ రాదు, మధ్యాహ్నం ఎవరితో కలిసి తినాలో తెలియదు. హైదరాబాదులో తొలిసారి అడుగుపెట్టిన శ్రీకాకుళం కుర్రాడో, ఆదిలాబాద్ అమ్మాయో ఆ రోజంతా ఫోను చూసుకుంటూ గడిపేస్తారు. దానికి హెచ్ఆర్ వాళ్లనే అనక్కర్లేదు, పక్క సీటులో ఉన్నవారు కూడా పట్టించుకోవచ్చు.

ఈసారి మీ పక్కన కొత్త మనిషి వచ్చి కూర్చుంటే మీరే ముందు పేరు అడగండి, మీ పేరు చెప్పండి, భోజనానికి వెళ్లేటప్పుడు ‘రండి, కలిసి తిందాం’ అని పిలవండి.