లోహాన్ని అతికే విద్య: ఏ పనికి ఏ పద్ధతి?

చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలకు ఉపాధి చూపాలని దాతలు ఇచ్చే పరికరాల్లో వెల్డింగ్ మిషన్ ఒకటి. ఇది మంచి ఆలోచనే. అయితే వెల్డింగ్ అంటే ఒకే పని కాదు. లోహాన్ని అతికే పద్ధతులు చాలా ఉన్నాయి, ఒకదానికి పనికొచ్చే మిషన్ మరొకదానికి పనికిరాదు. ఆ తేడాలను పాఠంలా చెప్పుకుందాం.

మొదటిది టంకం. గుల్జార్ హౌజ్ దగ్గర నగల పనివారు చేసేది ఇదే. ఇందులో నగ కరగదు. దానికంటే తక్కువ వేడికి కరిగే లోహం సందులోకి పారి రెండు ముక్కలను పట్టి ఉంచుతుంది. ఆ చోటు శుభ్రంగా ఉండడానికి వెలిగారం వాడతారు. పూరక లోహం 450 డిగ్రీల సెల్సియస్ లోపు కరిగితే సోల్డరింగ్, అంతకు మించితే బ్రేజింగ్ అంటారు. సెల్‌ఫోన్ బోర్డు మీద చేసేది సోల్డరింగ్. ఏసీ రాగి గొట్టాలకు చేసేది బ్రేజింగ్.

రెండోది గ్యాస్ వెల్డింగ్. ఆక్సిజన్, అసిటలీన్ కలిసి మండితే మంట సుమారు 3,100 డిగ్రీలకు చేరుతుంది. ఉక్కు 1,500 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కరెంటు లేనిచోట కూడా పని సాగుతుంది. కానీ వేడి చుట్టూ పాకి పల్చని రేకు వంకర పోతుంది.

మూడోది ఆర్క్ వెల్డింగ్. మన గల్లీల్లో గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేది దీనితోనే. రాడ్ పైపూత కాలి, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. ఖర్చు తక్కువ, ఆరుబయట కూడా పనికొస్తుంది. అయితే మరీ పల్చని రేకుకు చిల్లు పడుతుంది.

మిగ్ వెల్డింగ్‌లో రాడ్ బదులు తీగ తనంతట తాను వస్తూ ఉంటుంది. గాలిని ఆపే పని గ్యాస్‌ది. కారు బాడీలకు, బీరువాలకు ఇది వేగంగా సాగుతుంది. గాలి వీచే చోట గ్యాస్ చెదిరి అతుకు చెడుతుంది.

టిగ్ వెల్డింగ్‌లో టంగ్‌స్టన్ ముల్లు, ఆర్గాన్ గ్యాస్ వాడతారు. పని నెమ్మది, చేతి నేర్పు ఎక్కువ కావాలి. స్టీల్ రెయిలింగ్‌కూ, అల్యూమినియంకూ ఇదే శుభ్రమైన దారి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది పొరకు మాత్రం 2,000 డిగ్రీలు దాటాలి. అందుకే మామూలు పద్ధతి అక్కడ ఓడిపోతుంది. 1973లో కంచన్‌బాగ్‌లో స్థాపించిన మిధానిలో తయారయ్యే టైటానియం లాంటి లోహాలు వేడి మీద గాలిని పీల్చుకుని పెళుసవుతాయి. వాటిని అతికేటప్పుడూ ఆర్గాన్ రక్షణ తప్పదు.

స్పాట్ వెల్డింగ్‌కు రాడ్డూ అక్కర్లేదు, గ్యాసూ అక్కర్లేదు. రెండు రాగి మొనల మధ్య రేకులను నొక్కి కరెంటు పంపితే ఆ చుక్క దగ్గర అతుక్కుంటాయి.

ఇక ప్రమాదం మాట. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటిపొరను కాలుస్తాయి. నొప్పి అప్పుడే తెలియదు. కొన్ని గంటల తర్వాత, రాత్రిపూట, కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. బజారు నల్ల కళ్లద్దాలు దీనికి చాలవు. రాడ్ పట్టిన ఉస్తాద్‌కు ముసుగు ఉండి, పక్కన ఇనుము పట్టుకున్న పిల్లవాడికి లేకపోతే దెబ్బ తినేది పిల్లవాడే. జింకు పూసిన పైపును వెల్డ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పెట్రోలు నిలవున్న ట్యాంకు ఖాళీగా కనిపించినా పేలవచ్చు.

దాతలకు మనవి. మిషన్ కొనేముందు ఆ అబ్బాయి ఏ లోహం మీద, ఏ పని చేయబోతున్నాడో అడగండి. గేట్ల పనికి ఆర్క్ చాలు, స్టీల్ పనికి టిగ్ కావాలి. ప్రతి మిషన్‌తో రెండు ముసుగులు, తోలు చేతి తొడుగులు కలిపి ఇవ్వండి. ఎనిమిదో తరగతి పాసైనవారికి ఐటీఐల్లో వెల్డర్ కోర్సు ఏడాదే. ఆ ఏడాది బస్సు ఖర్చు, ఇంటి ఖర్చు భరించడం కూడా దానమే. పద్ధతుల తేడా తెలిసిన పిల్లవాడు ఒక పని తగ్గినప్పుడు మరో పని చేసుకోగలడు.